ఆఫ్రికా దోమా, నా ఉంగరపు వేలూ

ఈమధ్య బీపీ మాత్రల కోసం మా పాత ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె జ్వరంతో వచ్చిన మనిషి వేలు పొడిచి, చుక్క రక్తం చిన్న ప్లాస్టిక్ పట్టీ మీద వేసి, పావుగంటలో మలేరియా లేదని తేల్చేసింది. నేను ఆ పట్టీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. అంతేనా అని అడిగితే, అంతే తాతగారూ అంది. తాతగారూ అన్నందుకు కొంచెం, ఆ పట్టీ నా ఉద్యోగం మొత్తాన్ని పావుగంటకు కుదించినందుకు ఇంకొంచెం చిన్నబుచ్చుకుని ఇంటికి వచ్చాను.

ఆ అమ్మాయి లాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఆ పట్టీలు లేని రోజుల్లో ఒక మనిషి ప్రాణం గాజు స్లైడు మీద చుక్కగా మూడు రోజులు పెట్టెలో పడి ఉంది. దానికి కారణం నేనే. మధ్యమధ్య నన్ను నేను మెచ్చుకునే భాగాలు కూడా వస్తాయి. రిటైరైనవాడి చేతికి కాగితం దొరికితే అవి తప్పవు, కాస్త ఓర్చుకోండి.

నేను మలేరియా విభాగంలో హెల్త్ అసిస్టెంటుగా చేశాను. కాపురం పలాసలో, పని ఉద్దానం తీరంలో. జీడితోటల్లో కొన్ని ఊళ్ళు, సముద్రం ఒడ్డున చేపల వేటకు వెళ్ళేవాళ్ళ ఊళ్ళు కొన్ని నా కిందికి వచ్చేవి. నెలకు రెండుసార్లు ప్రతి గుమ్మంలోనూ నిలబడి, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా అని అడగాలి. వచ్చిందంటే ఎడమచేతి ఉంగరపు వేలు పొడిచి, రక్తం స్లైడు మీద పూసి, నంబరు వేసి, నాలుగు మాత్రలు మింగించి రావాలి. ఆ స్లైడ్లు పెట్టెలో సర్ది లాబ్‌లో ఇస్తే, అక్కడ మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్కొక్కటే చూస్తారు. నంబర్ల వరుసలోనే చూస్తారు. ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకోండి.

తొంభైల చివరికొచ్చేసరికి మా ఉద్దానం మగవాళ్ళు విదేశాలకు వెళ్ళడం బాగా ఎక్కువైంది. కంచిలి నుంచీ, ఇచ్ఛాపురం నుంచీ వెల్డింగు నేర్చుకున్నవాళ్ళు గుంపులు గుంపులుగా రైలెక్కేవారు. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళ గురించి నాకంత బెంగ ఉండేది కాదు, ఆ ఎండకు దోమే బతకదని నా నమ్మకం. ఆఫ్రికాలో ఎక్కడో రేవు కడుతున్నారు, అక్కడికి వెళ్తున్నాం అని కొందరు చెప్పినప్పుడు మాత్రం గుండె గుభేలుమంది. అక్కడి మలేరియా మన నాలుగు మాత్రలకు లొంగే రకం కాదని, నా శిక్షణలో పాఠం చెప్పినాయన బల్ల గుద్ది మరీ చెప్పాడు. ఆ బల్ల చప్పుడు ఎప్పటికీ మరిచిపోనని అప్పట్లో అనుకున్నాను.

అలా మొదలైంది నా ఉపన్యాసం. ప్రతి గురువారం ఆరోగ్య కేంద్రం వరండాలో, విదేశాలకు వెళ్ళబోయేవాళ్ళను కూర్చోబెట్టి, పరాయి దేశంలో దోమల నుంచి ఎలా కాచుకోవాలో చెప్పేవాణ్ణి. ఎవరూ చెప్పమనలేదు, నేనే పెట్టుకున్నాను. నేను చూసిన పరదేశమల్లా ఇచ్ఛాపురం దాటాక ఒరిస్సాలో వచ్చే బరంపురం. అదీ మా ఆవిడకు పట్టుచీర కొనడానికి వెళ్ళాను. అయినా ఆఫ్రికాలో పుట్టి పెరిగినవాడిలా మాట్లాడేవాణ్ణి. సందె పడకముందే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. మీరుండే షెడ్ల చుట్టూ నీళ్ళు పట్టిన డబ్బాలుంటే బోర్లించండి. పొగను నమ్ముకోకండి, పొగ ఆరాక దోమ తిరిగొస్తుంది. దోమతెర అంచులు పరుపు కిందకు దోపుకోండి. ఇవన్నీ చెప్పి, చివర్లో గొంతు పెంచి నాకిష్టమైన మాట చెప్పేవాణ్ణి. గదిలో ఒకడికి జ్వరం వస్తే ముందు వాణ్ణి తెరలో పడుకోబెట్టండి, వాణ్ణి కుట్టిన దోమే రేపు మీ అందరికీ తెస్తుంది అని. ఆ మాట దగ్గర అందరూ తలలూపేవారు, నాకు కడుపు నిండిపోయేది.

ఒక గురువారం తీరంలోని ఊరి నుంచి ఒకతను వచ్చాడు. ముప్ఫై దాటని వయసు, వేటకు వెళ్ళే కుటుంబం. సోంపేట దగ్గర వెల్డింగు నేర్చుకున్నాడు. అతని చొక్కా జేబులోంచి వల అల్లే చెక్కసూది ఒకటి బయటికి కనబడుతోంది. అక్కడికెళ్ళి చేపలు పడతావేమిటయ్యా అని నేను వేళాకోళం చేశాను. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు, పాఠంలో సందేహం అడిగే పిల్లవాడిలా ముఖం పెట్టాడు.

“దోమతెర కూడా వలే గదేటి సారూ. అక్కడ సిరిగిపోతే ఎవులు కుడతారు?” అన్నాడు.

నా పాఠంలో తెరలు చిరిగేవి కావు.

అతను వెళ్ళిన రెండు మూడు నెలలకు ఆరోగ్య కేంద్రం చిరునామాకు నా పేరున ఉత్తరం వచ్చింది. అన్ని రకాల స్టాంపులు చూసి మా డాక్టరుగారు కూడా బయటికొచ్చారు. ఉత్తరంలో సగం దోమల గురించే. గదికి ఎనిమిది మంది, ఇనప మంచాలు ఒకదాని మీద ఒకటి. కంపెనీ ఇచ్చిన తెరలన్నీ ఎవరెవరో వాడి వదిలేసినవి, పిడికిలి పట్టేటన్ని చిల్లులు. మనవాళ్ళు నా మాట పెడచెవిన పెట్టి, ఎక్కడో కొబ్బరి పీచు సంపాదించి, మన ఇళ్ళలో వేసినట్టే గదిలో పొగ వేశారు. గది తగలబడుతోందనుకుని కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చి ఎనిమిది పరుపుల మీదా నీళ్ళు కొట్టేశారు. ఆ తర్వాత గుడ్ల అట్టలు కాల్చి చూశారు, దానికి దోమ పోలేదు గాని మనుషులు బయటికొచ్చేశారు. అక్కడి దోమ మన దోమలా చెవి దగ్గర పాడదనీ, చప్పుడు లేకుండా వచ్చి తన పని చూసుకుని పోతుందనీ రాశాడు.

ఇక చెక్కసూది సంగతి. మొదట తన తెర బాగుచేసుకున్నాడు. పక్క మంచంవాడు చూసి తనదీ ఇచ్చాడు. తర్వాత పక్క గది, ఆ పక్క గది. పని దిగాక రోజూ మెట్ల మీద కూర్చుని ఎవరెవరివో తెరలు కుడుతూ ఉంటాడట. తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఫిలిప్పీన్సువాళ్ళు, ఆ దేశంవాళ్ళు, అందరి తెరలకూ మన ఊరి ముడే పడిందని రాశాడు. చివర్లో, తాను వచ్చేశాక ఆడపిల్ల పుట్టిందని ఇంటి నుంచి కబురొచ్చిందనీ, ఆ వీధికి వెళ్ళినప్పుడు ఒకసారి పిల్లను చూసి దోమలు కుట్టకుండా చూడమని చెప్పండి అనీ ఉంది. నేను ఆ ఉత్తరాన్ని మూడు గురువారాలు వరండాలో చదివి వినిపించాను. ఆఫ్రికాను నేనే కాపాడుతున్నట్టు ఉండేది నాకు. పిల్లను కూడా చూసి వచ్చాను. వాళ్ళ అమ్మ ఆ పిల్లను అప్పటికే పాత వల ముక్క కప్పి, దాని మీద పల్చటి చీర పరిచి పడుకోబెట్టింది. నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

ఇప్పుడు నన్ను మెచ్చుకునే భాగం అయిపోయింది.

మాకు నెలకు ఇన్ని స్లైడ్లు తేవాలని పైనుంచి ఒక సంఖ్య వచ్చేది. ఊళ్ళో జ్వరాలున్నా లేకపోయినా ఆ సంఖ్య మారదు. వర్షాలకు ఇసుక దారుల్లో మోపెడ్ దిగబడిపోయేది, కొన్ని వీధులకు వెళ్ళలేకపోయేవాణ్ణి. కొన్నిసార్లు వెళ్ళబుద్ధి కాక కూడా మానేసేవాణ్ణి, అదీ నిజమే. నెలాఖరుకు సంఖ్య తగ్గేది. అప్పుడు ఇంట్లో చాప మీద కూర్చుని, నా ఎడమచేతి ఉంగరపు వేలు నేనే పొడుచుకుని, వరసపెట్టి స్లైడ్లు పూసి, ఒక్కోదానికి ఒక్కో ఇంటి నంబరు వేసేవాణ్ణి. నా సీనియరు ఒకాయన నేర్పిన విద్య ఇది. నొప్పి మనదే కదా, ఎవరికి నష్టం అనేవాడాయన. ఆయన తన భార్య వేలు కూడా వదిలేవాడు కాదని తర్వాత తెలిసింది.

మా లాబ్‌లో ఉన్న టెక్నీషియను నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళ అమ్మాయి. వయసులో నాకంటే పదేళ్ళు చిన్న. ఆమె కంటికి ఏదీ దాగేది కాదు. మేమంతా ఆమెను మేడమ్ అనేవాళ్ళం, డాక్టరుగారితో సహా. ఒక నెలాఖరు తర్వాత నేను లాబ్ ముందు నుంచి పోతుంటే లోపలికి పిలిచింది. తల ఎత్తకుండానే, ఈ వీధిలో పద్నాలుగు ఇళ్ళవాళ్ళ రక్తాలూ ఒకటే తీరుగా ఉన్నాయండీ, పద్నాలుగు మందికీ కడుపులో పురుగులుంటే పెరిగే కణాలే కనబడుతున్నాయి అంది. నేను నేల చూశాను. “ముందు మీరు నులిపురుగుల మాత్ర వేసుకోండి సార్, వీధి మొత్తం బాగుపడుతుంది,” అంది.

నేను నవ్వేశాను, ఆమె నవ్వలేదు. మాత్ర మాత్రం వేసుకున్నాను. ఆ మరుసటి నెల కూడా వేలు పొడుచుకున్నాను.

ఏడాదిన్నర తర్వాత వెల్డరు సెలవు మీద వచ్చాడు. పిల్లను మొదటిసారి చూసుకోవడానికి వచ్చాడు. నేను ఆ వీధికి వెళ్ళేసరికి గుమ్మంలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లకింకా చనువు కుదరలేదు, కొత్తవాడి ఒళ్ళో కూర్చున్నట్టే బిగుసుకుని ఉంది. అతను కదిలితే ఏడుస్తుందని కదలకుండా నాతో మాట్లాడాడు. నా కోసం దోమలకు ఒంటికి రాసుకునే ఒక ట్యూబు తెచ్చాడు. దాని వాసన మా ఇంట్లో చాలా కాలం ఉంది.

అతను వచ్చిన పది రోజులకు జ్వరం అందుకుంది. అది నెలాఖరు రోజు. నేను ఆ వీధికి వెళ్ళింది కూడా దారి కాబట్టి, అంతే. అతని భార్య పిలిచి చూపించింది. దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు, ప్రయాణం బడలిక సారూ అని తనే అన్నాడు. నేను అవునన్నాను. బల్ల గుద్ది చెప్పిన మాట ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు, ఎందుకంటే నా బుర్ర నిండా ఆ నెల స్లైడ్ల సంఖ్యే ఉంది. రక్తం తీశాను, నాలుగు మాత్రలు మింగించాను, ఏం కాదని చెప్పి వచ్చేశాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చి చాప పరిచాను. ఆ నెల తక్కువపడినవి ఇరవై పైచిలుకు. నేను వెళ్ళకుండా వదిలేసిన వీధులు నెల మొదటివి కాబట్టి, వాటి కోసం ఖాళీగా వదిలిన ముందు నంబర్లు వేయాలి. వెల్డరును చూసింది చివరి రోజు, అతనిది చివరి నంబరు. అలా అతని స్లైడు నా స్లైడ్లన్నిటి వెనక్కి వెళ్ళింది. పెట్టె లాబ్‌లో ఇచ్చి సంతకం పెట్టించుకుని, నెల గడిచిందని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు జ్వరం కాస్త తగ్గిందని కబురు తెలిసింది. అదే మమ్మల్నందర్నీ మోసం చేసింది. మేడమ్ మిగతా ఊళ్ళ నుంచి వచ్చిన పెట్టెలతో పాటు నా పెట్టె కూడా మొదటి నంబరు నుంచి చూస్తూ వచ్చింది. ఒక్కో స్లైడు మీద చాలాసేపు కూర్చోవాలి. రెండు రోజులు ఆమె నా రక్తాన్నే చూసింది.

మూడో రోజు పొద్దున నేను వరండాలో రిజిస్టరు రాస్తున్నాను. లాబ్ తలుపు తెరుచుకుంది. ఆమె స్లైడును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నా బల్ల దగ్గరకు నడిచొచ్చింది. లాబ్ దాటి స్లైడు తేవడం నేనెప్పుడూ చూడలేదు.

“ఇది మీది కాదు సార్,” అంది.

నంబరు చూశాను. ఆ వరండాలో ఎవరూ నన్ను కొట్టలేదు గానీ, కొడితే బాగుండుననిపించింది. కణం కణంలో మలేరియా క్రిములున్నాయి, ఒక్కో దాంట్లో రెండేసి ఉన్నాయి అని చెప్పింది ఆమె. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, ఇది చివర్లో ఎందుకుంది సార్ అని అడిగింది. జవాబు ఆమెకు తెలుసు. అందుకే నేను చెప్పేదాకా ఆగకుండా స్లైడును బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని, నా మోపెడ్ వెనక వచ్చి కూర్చుంది.

ఆ ఇంటి ముందు జనం ఉన్నారు. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి, గడప మీద పసుపు నీళ్ళు. అతనికి తెల్లవారుజాము నుంచి తెలివి లేదు, కానీ మాట్లాడుతున్నాడు. ఆ మాటలు ఎవరికీ అర్థం కావట్లేదు. అర్థం కాని మాటలు మాట్లాడుతున్నాడు కాబట్టి అమ్మోరు పూనిందని అతని మేనత్త తీర్మానించింది. అమ్మోరు ఇంట్లో ఉండగా మందు ముట్టకూడదు, సూది పొడవకూడదు, చెప్పులతో బయటివాళ్ళు గడప దాటకూడదు. అప్పటికే ఒకరిద్దరు మంచం పక్కన చేరి, ఈ ఏడు వేట ఎలా ఉంటుందో అడుగుతున్నారు. అతను ఏదో అంటున్నాడు, వాళ్ళు దణ్ణం పెడుతున్నారు.

మేమిద్దరం చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాం. నాకు పలాస స్టేషనులో వినీ వినీ హిందీ కాస్త వచ్చు. అతను మాట్లాడుతున్నది అక్కడి కూలీల క్యాంపులో నేర్చుకున్న హిందీ. తెర వాడికివ్వండి, ముందు వాడికివ్వండి, నాకొద్దు, అని అదే మాట తిప్పి తిప్పి అంటున్నాడు. ఎవరికి, ఏ తెర అన్నది నాకు అప్పుడు తెలియలేదు. ఇది అమ్మోరు కాదమ్మా, ఒంట్లో ఉన్న మలేరియా మెదడుకు ఎక్కింది, ఈ పూట దాటితే మనిషి దక్కడు అని చెప్పాను. మేనత్త నాకు అడ్డంగా నిలబడింది.

“అమ్మోరు నోటి మాట అది. తీసుకెల్తే కోపగిత్తాది సారూ,” అంది.

అతని భార్య అప్పటిదాకా గోడకు ఆనుకుని, పిల్లను చంకనేసుకుని నిలబడి ఉంది. ఆమె నన్ను అడగలేదు. నా పక్కనున్న మేడమ్ వైపు తిరిగింది.

“మీ కళ్ళతోటి సూసినారా మేడమ్?” అంది.

“చూశాను. ఇంకా ఎంత సేపుందో చెప్పలేను గానీ, రక్తంలో ఉన్నదైతే చూశాను,” అంది మేడమ్.

ఆ అమ్మాయి పిల్లను మేడమ్ చేతికిచ్చింది. గుమ్మం దగ్గరకెళ్ళి కట్టిన వేపమండల్లోంచి ఒకటి విప్పింది. వచ్చి భర్త మొలతాడులో దోపింది. మేనత్త వైపు చూసి, “అమ్మోరు కూడా మనతోటే ఆసుపత్రికి వత్తాది అత్తా. పద,” అంది. మేనత్త ఒక్క క్షణం ఆలోచించి పక్కకు తప్పుకుంది. నలుగురు మగవాళ్ళు పడవను ఒడ్డుకు లాగే ఊపుతోనే మంచం ఎత్తేశారు.

మా జీపుకు ఆ రోజు టైరు లేదు. చేపల గంపలు వేసే వ్యాను దొరికితే, అందులో టెక్కలికి బయల్దేరాం. కాశీబుగ్గ రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి ఒకటి దానికి తోచినట్టు వెళ్తోంది. వ్యానులో అతని తల నా ఒళ్ళో ఉంది. ఆ వేడి నా ప్యాంటు లోంచి తొడకు తగులుతోంది. నేను ఆ బండి పెట్టెలు లెక్కపెట్టకుండా ఉండటానికి నా వేలికేసి చూసుకున్నాను, మూడు రోజుల కిందటి పోట్లు ఇంకా నల్లగా ఉన్నాయి. దేవుడి మీద నాకంత పట్టింపు లేదు గానీ, అతని మొలలో ఉన్న వేపమండను ఆ రోజు నేను కూడా ముట్టుకుని దణ్ణం పెట్టుకున్నాను.

టెక్కలి ఆసుపత్రిలో క్వినైన్ సెలైన్‌లో కలిపి ఎక్కించారు. రెండు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. ఇంటికెళ్ళి నా దోమతెర తెచ్చి, సెలైన్ స్టాండుకూ కిటికీ ఊచకూ కట్టి అతని మంచం మీద వేశాను. జ్వరం వచ్చినవాణ్ణి ముందు తెరలో పెట్టాలి కదా. వార్డులో అందరూ వింతగా చూశారు. ఆ తెరకు నా కాలి దగ్గర పడే చోట రెండు పెద్ద చిల్లులున్నాయి. ఊరందరికీ తెరల పాఠం చెప్పేవాడి ఇంట్లో తెర అది.

మూడో నాడు అతనికి తెలివొచ్చింది. మొదట భార్యను గుర్తుపట్టాడు. తర్వాత, సముద్రం ఇంత దగ్గరగా ఉందేమిటి, హోరు వినబడుతున్నాది అన్నాడు. క్వినైన్‌కు చెవుల్లో హోరు పుడుతుంది, ఎవరికైనా పుడుతుంది. అక్కడి డాక్టరు ఆ సంగతి చెప్పబోతే నేను చేత్తో వారించాను. అవును దగ్గరే, పడుకో అని చెప్పాను. అతను ఆ హోరు వింటూ పడుకున్నాడు.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి తెర లోపల కదలిక ఉంది. భార్య చేత ఇంటి నుంచి చెక్కసూది తెప్పించుకున్నాడు. దిండుకు ఆనుకుని, లోపలి నుంచే నా తెర చిల్లులు కుడుతున్నాడు. పిల్ల బయటి నుంచి ఆ దారం కొస పట్టుకుని లాగుతోంది, అతను మళ్ళీ లోపలికి లాక్కుంటున్నాడు. ఆ ఆటలో పిల్లకు చనువు కుదిరింది. నేను వార్డు గుమ్మంలో నిలబడిపోయాను.

దగ్గరకెళ్ళి, అందరి తెరలూ కుట్టినవాడివి, నీకెలా వచ్చిందయ్యా ఈ జ్వరం అని అడిగాను. బయల్దేరే ముందు పక్షం రోజుల పాటు తన గదిలో ఫిలిప్పీన్సు అతనికి జ్వరమట. అతని తెర ఇక కుట్టడానికి కూడా పనికిరాకుండా పోయింది. అందుకని తన తెర అతనికి ఇచ్చి తను ఊరికే పడుకున్నాడు.

“జొరం ఉన్నోడే ముందు తెరలో పడుకోవాలని మీరే గదా సెప్పినారు సారూ,” అన్నాడు, పాఠం అప్పగించినట్టు.

నేను చెప్పిన మాట నిజమే. గదికి ఒక తెర ఎక్కువ పట్టుకెళ్ళండి అన్న మాట మాత్రం అన్ని గురువారాల్లో ఒక్కసారీ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, వార్డులో అందరి ముందూ. అతను కంగారుపడి, నాకు తగ్గిపోనాది సారూ అని నన్నే ఓదార్చాడు.

అప్పుడే అతనికి చెప్పేసి ఉండాల్సింది, ధైర్యం చాలలేదు. వరండాలోకి వచ్చి, అక్కడ గిన్నె కడుగుతున్న అతని భార్యకు చెప్పాను. నెలాఖరు సంగతి, చాప సంగతి, చివరి నంబరు సంగతి అంతా చెప్పాను. అతని చుక్క రక్తం నా రక్తం వెనక మూడు రోజులు ఆగిందని చెప్పాను. నమ్మకపోతుందేమోనన్నట్టు వేలు కూడా చూపించాను. ఆమె నా వేలు పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. గిన్నె తీసుకుని లోపలికెళ్ళిపోయింది. ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు.

మర్నాడు నేను వెళ్తే ఆమే ఎదురొచ్చింది.

“మావోడు మీ మాట ఇని తెర ఇచ్చీసినాడు. మీ మాట మీరే ఇన్నేదు సారూ,” అంది. నేను తల వంచుకున్నాను. ఆమె, “ఇకమీద మా ఈదికి రండి. మా ఏలే పొడవండి. మీది పొడుసుకోకండి,” అంది.

తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేవాణ్ణి. అది క్షమించడమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు, నేను అడగలేదు. ఆ మధ్యాహ్నమే మా డాక్టరుగారి దగ్గరకెళ్ళి కాగితం మీద రాసిచ్చాను. ఆయన చదివి, చాలాసేపు ఫ్యాను వైపు చూసి, మెమో ఇచ్చారు. ఆ మెమో నా దగ్గర భద్రంగా ఉంది, నాకొచ్చిన ప్రశంసాపత్రం కంటే దాని మీదే మడతలు ఎక్కువ. ఆ తర్వాత నెలల్లో నా స్లైడ్లు సంఖ్యకు తక్కువగానే వచ్చేవి. ఎందుకు తగ్గాయని పైనుంచి అడిగినప్పుడల్లా, జ్వరాలు తగ్గాయండీ అని రాసేవారు డాక్టరుగారు. మేడమ్ నాతో మాట్లాడటానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఒక రోజు తనే టీ గ్లాసు తెచ్చి నా బల్ల మీద పెట్టి, పురుగులు పోయినట్టున్నాయి సార్, స్లైడ్లలో కనబడట్లేదు అంది.

నా గురువారం ఉపన్యాసం మాత్రం ఆపలేదు. అందులో ఒక మాట చేరింది. ఆఫ్రికాకు వెళ్ళే ప్రతివాడూ రెండు తెరలు పట్టుకెళ్ళాలి, ఒకటి తనకి, ఇంకొకటి ఎవరికి జ్వరం వస్తే వాళ్ళకి. తిరిగొచ్చాక జ్వరం తగిలితే, ఎక్కడి నుంచి వచ్చారో ముందు చెప్పాలి, మేం అడగకపోయినా చెప్పాలి. వెల్డరు పూర్తిగా కోలుకున్నాక, కొన్ని నెలలాగి మళ్ళీ వెళ్ళాడు. పలాస స్టేషనుకు నేనూ వెళ్ళాను. సంచిలో రెండు తెరలు, జేబులో చెక్కసూది. ఈసారి పిల్ల అతన్ని వదల్లేదు, మెడ పట్టుకుని వేలాడింది. రైలు కదిలాక కూడా ఆ ఏడుపు వినబడుతూనే ఉంది, నాకు మాత్రం అది బాగానే అనిపించింది. అతను అక్కడ ఇంకో నాలుగైదేళ్ళు చేసి, క్షేమంగా వచ్చేశాడు.

నేను రిటైరయ్యే ముందు ఆఖరి చుట్టు వాళ్ళ వీధితోనే ముగించాను. కావాలనే అలా పెట్టుకున్నాను. అతని భార్య గుమ్మంలో ఎండు చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి లేచి, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నేను సంచి విప్పకముందే ఎడమచేతి ఉంగరపు వేలు ముందుకు చాపింది. జ్వరం ఉందా అమ్మా అన్నాను. రెండు రోజుల కిందట ఒళ్ళు వెచ్చబడినాది, పొడవండి అంది. పొడిచాను. స్లైడు పూశాను. నంబరు వేశాను. మాత్రలు చేతిలో పెడితే, ఆ నాలుగూ నా ముందే మింగి, నోరు తెరిచి చూపించింది.

ఆ స్లైడు పెట్టెలో పెట్టలేదు. చేత్తో పట్టుకుని నేరుగా లాబ్‌కి వెళ్ళాను. అప్పటికి మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంటోంది, జుట్టు కూడా నెరిసింది. ఇదే నా ఆఖరి స్లైడు, ఇప్పుడే చూడండి అన్నాను. ఆమె రంగు వేసి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, చాలాసేపు చూసింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. చివరికి తల ఎత్తింది.

“మలేరియా లేదు సార్,” అంది. మళ్ళీ ఒకసారి వంగి చూసి, ఈసారి నవ్వింది. “ఇది మీది కాదు.”